పక్కింటి గ్యారేజీలో గోల్డ్ స్టార్

“ఇనప సామాన్ల వాడు నాలుగు వందలు ఇస్తానన్నాడు బాబ్. నువ్వైతే ఐదు వందలకి తీసుకుపో. ఎవరో పట్టుకెళ్లే కంటే నీ దగ్గరుంటే మా ఆయన సంతోషిస్తాడు.”

మా పక్కింటి పెద్దావిడ అన్న మాటలివి. బర్మింగ్‌హామ్ వాళ్లు ఆప్యాయంగా ఎవరినైనా ‘బాబ్’ అని పిలుస్తారు. ఇన్నేళ్లుగా వింటున్నా నాకది మన ‘బాబూ’ అన్నట్టే ఉంటుంది.

2022 అక్టోబరులో ఒక శనివారం. ఆవిడ భర్త పోయి అప్పటికి ఏడాది. గ్యారేజీ ఖాళీ చేయించాలి, కాస్త చెయ్యి సాయం పట్టమంటే వెళ్లాను. పాత రంగు డబ్బాలు, పచ్చిక కోసే యంత్రం, విరిగిన కుర్చీలు బయట పెట్టాక, గోడ వారగా రెండు దుప్పట్లు కప్పిన మోటారు సైకిలు కనిపించింది. పై దుప్పటి తీశాను. దుమ్ము పట్టిన పెట్రోలు ట్యాంకు, దాని మీద గుండ్రటి బిళ్ల, బిళ్ల మధ్యలో నక్షత్రం.

బీఎస్ఏ గోల్డ్ స్టార్.

నా గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంది. అది నిజమైన గోల్డ్ స్టారే అయితే, ఆ దుమ్ముతోనే పది వేల పౌండ్లు పలుకుతుందని నాకు తెలుసు. ఆవిడకి తెలియదు. పైగా అదే పేరున్న బండి మీద అంతకు ఏడేళ్ల ముందు నేను ఎనిమిది వేల పౌండ్లు పోగొట్టుకున్నాను. పోయిన సొమ్ము తిరిగి రావడానికి ఐదు వందలు ఇచ్చి బండి నెట్టుకుని ఇంటికి వెళ్తే చాలు.

మన బుల్లెట్ పుట్టిల్లు

ఈ పాత బళ్ల పిచ్చి నాకు ఇంగ్లండ్‌లో పట్టింది కాదు. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. నాన్నకి 1974 మోడల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఉండేది. ఇంటర్ చదివేటప్పుడు దాని మీదే నేర్చుకున్నాను. డీకంప్రెసర్ నొక్కి, పిస్టన్‌ని సరైన చోటికి తెచ్చి, అప్పుడు కిక్కు కొట్టాలి. తొందరపడితే కిక్కు రాడ్డు వెనక్కి తన్ని పిక్క పగిలిపోయేది. గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి.

2004లో ఎమ్మెస్సీ చదవడానికి బర్మింగ్‌హామ్ వచ్చాను. ఆ బుల్లెట్ పుట్టిల్లు ఇక్కడికి అరగంట దూరంలోని రెడ్డిచ్ అని తెలిసినప్పుడు సొంత ఊరి మనిషి కనపడ్డంత సంబరపడ్డాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ తొలి మోటారు సైకిలు 1901లో అక్కడే తయారైంది. 1950ల మొదట్లో మన సైన్యం సరిహద్దు గస్తీకి 800 బుల్లెట్లు కావాలని ఆర్డరు పెట్టింది. ఆ ఆర్డరు పుణ్యమా అని 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. తిరువొత్తియూరు ఫ్యాక్టరీ మాత్రం అదే బండిని చేస్తూ పోయింది. తల్లి పోయినా పిల్ల బతికింది.

ఒక్క రాయల్ ఎన్‌ఫీల్డే కాదు. బీఎస్ఏ మా బర్మింగ్‌హామ్‌లోని స్మాల్ హీత్‌ది. నార్టన్ చాలాకాలం ఆస్టన్‌లో ఉండేది. వెలొసెట్ హాల్ గ్రీన్‌ది. ట్రయంఫ్ కోవెంట్రీ, ఆ తర్వాత పక్కనే ఉన్న మెరిడెన్. ఒకప్పుడు ప్రపంచం నడిపిన మోటారు సైకిళ్లలో పెద్ద వాటా, మనవాళ్లు రోజూ ఆఫీసులకి వెళ్లొచ్చే ఈ కాసిని మైళ్లలోనే తయారైంది. రెండో ప్రపంచయుద్ధంలో బీఎస్ఏ ఒక్కటే సైన్యానికి లక్షా ఇరవై వేలకి పైగా ఎం20 బళ్లు ఇచ్చింది. 1940 నవంబరు 19న జర్మన్ విమానాలు ఆ ఫ్యాక్టరీ మీద బాంబులు వేస్తే 53 మంది కార్మికులు చనిపోయారు. మా పక్కింటి పెద్దాయన కుర్రతనంలో పనికి చేరింది ఆ ఫ్యాక్టరీలోనే, టూల్ రూములో.

1960ల్లో జపాన్ బళ్లు వచ్చాయి. నూనె కారవు, బటన్ నొక్కితే స్టార్ట్ అవుతాయి, ధర తక్కువ. ఇక్కడి కంపెనీలు పాత యంత్రాలతో, పాత డిజైన్లతోనే నెట్టుకొచ్చాయి. 1973కల్లా బీఎస్ఏ కుప్పకూలింది. పదేళ్ల తర్వాత మెరిడెన్‌లో ట్రయంఫ్ కూడా మూతపడింది.

ఇప్పుడు విచిత్రం చూడండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఐషర్ వాళ్లది. బీఎస్ఏ పేరుని 2016లో మహీంద్రా గ్రూపు కొన్నది. 2020లో నార్టన్‌ని టీవీఎస్ కోటీ అరవై లక్షల పౌండ్లకి తీసుకుంది. 2021 డిసెంబరులో బర్మింగ్‌హామ్ ప్రదర్శనలో కొత్త గోల్డ్ స్టార్‌ని ఆవిష్కరించినప్పుడు నేను చూడ్డానికి వెళ్లాను. నా పక్కన నిలబడ్డ తెల్లాయన ఒకరు, నేను భారతీయుణ్ణని తెలిసి, “మీ వాళ్లకి థ్యాంక్స్ చెప్పండి” అన్నాడు. నాకేదో వాటా ఉన్నట్టు తల ఊపి వచ్చాను.

పదమూడు వేల పాఠం

ఇక నా తెలివితక్కువతనం సంగతి.

ఉద్యోగంలో కుదురుకుని, ఇల్లు కొనుక్కుని, ఇక్కడి మోటారు సైకిలు లైసెన్సు పరీక్షలన్నీ పాసయ్యాక, 2015లో ఒక వేలానికి వెళ్లాను. కేటలాగులో ‘1960 గోల్డ్ స్టార్’ అని ఉంది. ఎర్రగా, తళతళా మెరుస్తోంది. తొమ్మిది వేలు దాటనని మా ఆవిడకి మాటిచ్చి మరీ వెళ్లాను.

మన ఊళ్లో చెరువు పాట, కొబ్బరితోట పాట చూసినవాళ్లకి వేలం మత్తు ఏమిటో చెప్పక్కర్లేదు. వినాయక లడ్డూ దగ్గర కూడా అంతే. మొదట వస్తువు కావాలనుకుంటాం, కాసేపటికి ఎదుటివాడు ఓడిపోవాలనుకుంటాం. నా చెయ్యి పదకొండున్నర వేల దగ్గర ఆగింది, సుత్తి పడింది.

అసలు లెక్క ఆ తర్వాత మొదలైంది. సుత్తి ధర మీద కొనుగోలుదారు కమీషను 15 శాతం, అంటే 1,725 పౌండ్లు. ఆ కమీషను మీద 20 శాతం వ్యాటు, ఇంకో 345. మొత్తం 13,570 పౌండ్లు. ఇంటి వెనక గది వేయించుకుందామని దాచిన డబ్బు అది.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం, బైకుల వాళ్లంతా చేరే టీ కొట్టు దగ్గర ఆగాను. ఒక ముసలాయన టీ కప్పు చేత్తో పట్టుకుని, వంగి బండి అడుగు భాగం చూశాడు. ఎక్కడ కొన్నావని అడిగాడు. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“కుడివైపు కింది గొట్టం చూడు. నిజమైన గోల్డ్ స్టార్ ఫ్రేముకి ఆయిల్ పంపు తగలకుండా అక్కడ చిన్న వంపు ఉంటుంది. దీనికి లేదు” అన్నాడు.

బీఎస్ఏ వాళ్లు బీ31, బీ33 అని మామూలు మోడళ్లు వేలకి వేలు చేశారు. పైకి చూస్తే గోల్డ్ స్టార్‌కి దగ్గరగా ఉంటాయి. వాటికి మెరుగైన సామాను బిగించి, నంబరు అరగదీసి కొత్తగా కొట్టి, గోల్డ్ స్టార్ అని అమ్మేవాళ్లున్నారు. నా బండి ఇంజిన్ అడుగు భాగం, ఫ్రేము రెండూ మామూలు మోడల్‌వే. గోల్డ్ స్టార్ అనదగ్గది ట్యాంకు మీది బిళ్ల ఒక్కటే.

వేలం వాళ్లని అడిగితే షరతుల కాగితం చూపించారు. నంబర్లు, చరిత్ర కొనేవాళ్లే సరిచూసుకోవాలని అందులో ఉంది. చదవకుండా సంతకం పెట్టింది నేనే. రోజంతా ఆఫీసులో ఇతరుల కోడ్‌లో తప్పులు వెతికే మనిషిని!

ఉన్నదున్నట్టు చెప్పి ఆ బండిని 5,500కి అమ్మేశాను. నష్టం 8,070 పౌండ్లు, అప్పటి లెక్కలో దాదాపు ఎనిమిది లక్షల రూపాయలు. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. వారం రోజుల పాటు ఏ మాటా అనలేదు.

అరుదు అంటే ఏమిటి?

ఆ దెబ్బతో చదవడం మొదలుపెట్టాను. మా తాతయ్య సంతలో ఎద్దుని కొనేటప్పుడు రంగు చూసేవాడు కాదు. పళ్లు చూసేవాడు, సుడులు చూసేవాడు, ఎవరి కొట్టంలో పెరిగిందో ఆరా తీసేవాడు. పాత మోటారు సైకిళ్ల బేరమూ అంతే. మెరుపు చూసి కొనేవాడు మోసపోతాడు.

చూడాల్సింది ముందు నంబర్లు. ఫ్యాక్టరీ నుంచి ఏ ఫ్రేముకి ఏ ఇంజిన్ బిగించి పంపారో చాలా కంపెనీల రికార్డు పుస్తకాలు ఇంకా ఉన్నాయి. 1946లో పుట్టిన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్బు దగ్గరా, ఒక్కో కంపెనీ బళ్ల యజమానుల క్లబ్బుల దగ్గరా వాటిని సరిచూడొచ్చు. రెండోది కాగితాలు: పాత లాగ్‌బుక్కు, కొన్న రసీదు, సర్వీసు బిల్లులు, పాత ఫొటోలు. మూడోది ఎవరూ చెయ్యి పెట్టని స్థితి. కొత్తగా రంగు వేసి మెరిపించిన బండి కంటే, తుప్పుతో సహా పుట్టినప్పటి సామానుతోనే ఉన్న బండికి చాలాసార్లు ఎక్కువ పలుకుతుంది.

దీనికి ఇక్కడ అందరూ చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది. నాటింగ్‌హామ్‌లో జార్జ్ బ్రౌ తయారుచేసిన బ్రౌ సుపీరియర్‌ని ‘మోటారు సైకిళ్లలో రోల్స్ రాయిస్’ అంటారు. రెండు దశాబ్దాల్లో మూడు వేల చిల్లర మాత్రమే వచ్చాయి. ఎస్ఎస్100 మోడల్ గంటకు వంద మైళ్లు దాటుతుందని కంపెనీ హామీ ఇచ్చేది. లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ ఒకదాని తర్వాత ఒకటిగా ఏడు బ్రౌలు నడిపాడు. 1935లో ఏడో దాని మీదే ప్రమాదానికి గురై చనిపోయాడు. కార్న్‌వాల్‌లోని బోడ్మిన్ మూర్ దగ్గర కొట్టాల్లో యాభై ఏళ్లకి పైగా పడి ఉన్న బ్రౌలు కొన్ని బయటపడ్డాయి. తుప్పు పట్టి, కొన్ని ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. 2016లో బోనమ్స్ వాళ్లు స్టాఫర్డ్‌లో వేలం వేస్తే, వాటిలో నాలుగు సిలిండర్ల బండి ఒక్కటే 3,31,900 పౌండ్లు పలికింది.

ఇంకొకటి విన్సెంట్. స్టీవనేజ్‌లో తయారైన ఈ బండి మీద 1948లో అమెరికా ఉప్పు మైదానంలో రోలీ ఫ్రీ అనే ఆయన, గాలి అడ్డు తగ్గడానికి ఈత నిక్కరు తప్ప ఒంటి మీద ఏమీ లేకుండా, బండి మీద బోర్లా పడుకుని గంటకు 150 మైళ్లు దాటాడు. 2018లో లాస్ వేగాస్‌లో 1951 నాటి విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్ 9,29,000 డాలర్లకి పోయింది. అప్పటికి వేలంలో ఏ మోటారు సైకిలుకీ అంత రాలేదు.

ఈ అంకెలు చూసి ప్రతి పాత బండీ బంగారమే అనుకోకండి. ఈ తరహా ధర వేలల్లో ఒకదానికి. మామూలు మోడళ్లని ప్రేమించిన తరం వయసు మీద పడి ఒక్కొక్కటే అమ్మేసుకుంటోంది, వాటి ధరలు తగ్గుతున్నాయి కూడా. లాభం కోసమే అయితే ఈ దారి వద్దని నా సలహా.

ఆ రాత్రి వంటింట్లో

సరే, గ్యారేజీ దగ్గరికి వద్దాం.

ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను ఫోను టార్చి వేసి నేల మీద పడుకున్నాను. కుడివైపు కింది గొట్టం. వేలితో దుమ్ము తుడిచాను. వంపు ఉంది. ఇంజిన్ మీద డీబీడీ34 జీఎస్ అని మొదలయ్యే నంబరు. ఫ్రేము మీద సీబీ32. అంకెల చుట్టూ లోహం ఎవరూ ముట్టుకోనట్టు ఉంది.

డీబీడీ34 అంటే 1956 నుంచి 1963 దాకా వచ్చిన చివరి, అందరూ కోరుకునే గోల్డ్ స్టార్. 500 సీసీ, ఒకే సిలిండరు, గంటకు 110 మైళ్ల వేగం. రేసులకి పెట్టే గేర్‌బాక్సుతో అయితే మొదటి గేరులోనే అరవై అందుకునేదట. ఆ పేరు వెనక కథ కూడా ఉంది. బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద రేసులో గంటకు వంద మైళ్ల వేగంతో ఒక చుట్టు పూర్తి చేసినవాళ్లకి బంగారు నక్షత్రం బిళ్ల ఇచ్చేవారు. 1937లో వాల్ హ్యాండ్లీ బీఎస్ఏ మీద అది సాధించాడు. మరుసటి ఏడు కంపెనీ తన బండికి ఆ బిళ్ల పేరే పెట్టుకుంది.

టీ తాగుతూ ఆవిడ చెప్పింది. “1959లో కొత్తది కొన్నాడు. రెండేళ్ల జీతం దాచి. దాని వెనక కూర్చుంటే నా నడుం విరిగిపోయేది. పిల్ల పుట్టాక నేనే ఆపించాను. ప్రతి శీతాకాలం గ్యారేజీలో కూర్చుని తుడుస్తుండేవాడు, నడిపింది లేదు.”

సోమవారం చెబుతానని ఇంటికి వచ్చాను. రాత్రి పిల్లలు పడుకున్నాక మా ఆవిడకి చెప్పాను. నా మొహంలో వెలుగు చూసే ఆవిడకి అనుమానం వచ్చినట్టుంది.

“ఎంతకిస్తానంది?”

“ఐదు వందలు.”

“ఎంత చేస్తుంది?”

“పది వేలు. కాస్త అటూ ఇటూ.”

గిన్నెలు సర్దుతున్నదల్లా ఆగింది. “ఆవిడ నోటితో ఆవిడే చెప్పింది కదా” అన్నాను. “మనం అడగలేదు. ఇనప సామాన్ల వాడి కంటే వంద ఎక్కువే ఇస్తున్నాం.”

“మీకు ఆ బండి అంటగట్టినవాడికి దాని సంగతి తెలుసా?”

“తెలుసు.”

“మీకు తెలియదు.”

“తెలియదు.”

“ఇప్పుడు మీకు తెలుసు, ఆవిడకి తెలియదు. తేడా ఏముందండీ?”

అంత చిన్న ప్రశ్నకి ఏడేళ్ల అనుభవం ఉన్న నా దగ్గర జవాబు లేదు. కరోనా రోజుల్లో మా ఇంట్లో అందరం మంచాన పడితే గుమ్మం ముందు పాలూ రొట్టే పెట్టి వెళ్లింది ఈ దంపతులే. మా ఆవిడ ఆ మాట ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు కూడా.

సోమవారం వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆవిడ నమ్మలేదు. “ఆ పాత సామానుకా?” అని మూడుసార్లు అడిగింది.

పెన్సిలు ముద్ర

అమ్మడం ఒక్క రోజులో తేలలేదు. బండి చివరిసారి రోడ్డు పన్ను కట్టింది 1971లో. ఆ తర్వాత వాహనాల రికార్డులన్నీ స్వాన్సీలోని డీవీఎల్‌ఏ కంప్యూటర్లలోకి మారాయి. 1983 నవంబరులోగా నమోదు చేయించుకోని పాత బళ్ల నంబర్లు జాబితాలోంచి జారిపోయాయి. కాబట్టి ప్రభుత్వం దృష్టిలో ఈ బండి లేదు.

పాత నంబరు తిరిగి పొందడానికి వీ765 అని ఒక పద్ధతి ఉంది. దానికి ఆ నంబరూ ఈ బండీ ఒకటేనని పాత కాగితంతో రుజువు చెయ్యాలి, గుర్తింపు ఉన్న క్లబ్బు ఒకటి పరిశీలించి సంతకం చెయ్యాలి. పెద్దావిడ అల్మారాలన్నీ వెతికింది. చివరికి బిస్కెట్ల రేకు డబ్బాలో దొరికింది, కాకీరంగు లాగ్‌బుక్కు. 1959 నుంచి ఏడాదేడాదికీ కౌన్సిలు ముద్రలు, ఒకే ఒక్క యజమాని పేరు. దాని కింద మడత పెట్టిన ఇంకో కాగితం. గోల్డ్ స్టార్ ఇంజిన్లని ఫ్యాక్టరీలో ఒక్కొక్కటిగా పరీక్షించి, ఎంత శక్తి ఇచ్చిందో రాసి కొన్నవాళ్లకి ఇచ్చేవారు. ఆ కాగితమే అది.

ఫ్రేము నంబరుకీ ఇంజిన్ నంబరుకీ ముద్ర తీయమన్నారు క్లబ్బు వాళ్లు. అంకెల మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దడం. చిన్నప్పుడు నోటుబుక్కు కింద పావలా బిళ్ల పెట్టి రుద్దేవాళ్లం గుర్తుందా? అదే. నలభై దాటిన వయసులో గ్యారేజీ నేల మీద కూర్చుని అదే పని చేశాను. ఆవిడ టార్చి పట్టుకుంది.

మూడు నెలలకి డీవీఎల్‌ఏ నుంచి పత్రం వచ్చింది. పాత నంబరు పాత బండికే. ఈ పద్ధతిలో తిరిగొచ్చిన నంబరుని విడదీసి అమ్ముకోవడానికి వీల్లేదు. “మంచిదే” అంది ఆవిడ. “అది ఆ బండిదే కదా.”

పాట మొదలైంది

2023 వసంతంలో మిడ్‌లాండ్స్‌లోనే ఒక వేలంలో పెట్టాం. అంచనా ఏడు నుంచి తొమ్మిది వేలు అని వేశారు. ఆరున్నర వేలకి తగ్గితే ఇవ్వకూడదని కనీస ధర రాయించాం. తుడవొద్దు, రంగు వెయ్యొద్దు, ఇలాగే పెట్టండని వాళ్లే చెప్పారు.

వ్యాను వచ్చిన రోజు ఆవిడ కోటు వేసుకుని వాకిట్లో నిలబడింది. బండిని పైకెక్కించి, తాళ్లు కట్టి, తలుపు వేసేదాకా కదల్లేదు.

వేలం రోజు నేను పాట పాడే కార్డు తీసుకోలేదు. నాకూ ఆశ లేకపోలేదు. కానీ అమ్మే మనిషి పక్కన కూర్చుని కొనే చెయ్యి ఎత్తడం బాగుండదు. మా ఆవిడ, నేను, మధ్యలో పెద్దావిడ. గదిలో రెండు వందల మంది ఉంటారు. పక్కన వరసగా ఫోన్లు పట్టుకున్న ఉద్యోగులు, ఎదురుగా తెర మీద ఇంటర్నెట్ పాటలు.

ఐదు వేల దగ్గర మొదలైంది. గదిలో ఇద్దరు పట్టు పట్టారు. తొమ్మిది వేల దగ్గర ఒకాయన తల అడ్డంగా ఊపి తప్పుకున్నాడు. అప్పుడు ఇంటర్నెట్‌లో కొత్త పాట వచ్చింది. పది. పదిన్నర. పెద్దావిడ నా చెవి దగ్గరికి వంగి, “1968లో మా ఇల్లు నాలుగు వేలకి కొన్నాం” అంది. పదకొండున్నర. పన్నెండు. గదిలో ఉన్నాయన కాసేపు కేటలాగు చూసుకుని చెయ్యి దించేశాడు. 12,500 దగ్గర సుత్తి పడింది.

అమ్మకం కమీషను, వ్యాటు కలిపి పదిహేను వందలు పోగా ఆవిడకి వచ్చింది 11,000. మెట్లకి లిఫ్టు కుర్చీ పెట్టించుకుంది. మోకాళ్లతో పై గదిలోకి ఎక్కలేక ఏడాదిగా ముందుగదిలో సోఫా మీద పడుకుంటోందని మాకు అప్పుడే తెలిసింది.

ఆ రోజు తిరిగొస్తూ కారులో ఒకే మాట అడిగింది. “కొన్నవాళ్లు నడుపుతారంటావా బాబ్?”

ఇంటర్నెట్‌లో కొన్నది ఎవరో నాకు తెలియదు. అదే చెప్పాను.

వారం తర్వాత మా తలుపు తట్టి, నూనెగుడ్డలో చుట్టిన మూట ఒకటి చేతిలో పెట్టింది. పెద్దాయన విట్‌వర్త్ స్పానర్లు. పాత బ్రిటిష్ బళ్ల నట్లకి మన మిల్లీమీటర్ల స్పానర్లు సరిపోవు, ఈ కొలతవే కావాలి. ప్రతిదాని మీదా ఆయన పేరులోని రెండు అక్షరాలు కొట్టి ఉన్నాయి. ఇవి మాత్రం కాదనకుండా తీసుకున్నాను.

మన ఇళ్లలో మాట

ఈ దేశంలో పాత బండి కొనాలనుకునే మనవాళ్లకి నా అనుభవంలో నాలుగు మాటలు. కాగితాలు చూశాకే బండి చూడండి. కొనే ముందు ఆ కంపెనీ క్లబ్బులో చేరండి, ఏడాది చందా మీ వేల పౌండ్లని కాపాడుతుంది. మీ హద్దుని కమీషను, వ్యాటు కలుపుకుని లెక్కేసుకోండి. నలభై ఏళ్లు దాటిన బండికి దరఖాస్తు చేసుకుంటే రోడ్డు పన్ను ఉండదు, పెద్ద మార్పులు చేయనిదైతే ఏటా ఎంఓటీ కూడా తప్పనిసరి కాదు. అయినా బ్రేకులు చూపించుకోవడం మానకండి. ఇంకొకటి, మనకి ఒక అనుకూలం ఉంది. కుడికాలి గేర్లంటే ఇక్కడి కుర్రాళ్లు తడబడతారు. మన పాత బుల్లెట్ మీద నేర్చుకున్నవాళ్లకి అది వెన్నతో పెట్టిన విద్య.

మన ఊళ్ల సంగతి కూడా. యుద్ధకాలంలో మన దేశానికి వచ్చిన బీఎస్ఏ, నార్టన్, మ్యాచ్‌లెస్ బళ్లు ఆ తర్వాత మిలిటరీ డిస్పోజల్లో జనానికి చేరాయి. కొన్ని ఇంకా ఏ పాత పెంకుటిల్లు చావిట్లోనో ఉండొచ్చు. తాతగారి బండి ఉంటే తూకానికి వేసే ముందు నంబర్లు, ఆర్సీ పుస్తకం చూడండి. 2021 నుంచి మన దేశంలోనూ యాభై ఏళ్లు దాటిన వాహనాలకి ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. మొదట 20,000 రూపాయలు, పదేళ్లకి, తర్వాత పొడిగింపుకి 5,000. రోజువారీ వాడకానికి మాత్రం కుదరదు.

వేలం అయిన రాత్రి నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. మా బుల్లెట్‌ని 2004లో పక్క ఊరాయనకి ఇరవై రెండు వేలకి అమ్మేశారు. నా విమానం టికెట్టుకి. ఆ రోజు నేను వీసా పని మీద హైదరాబాద్‌లో ఉన్నాను. తిరిగొచ్చేసరికి చావిడి ఖాళీ. దాని గురించి మా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నాన్న ధర అడగలేదు. “బండి తీసుకెళ్లేటప్పుడు ఆవిడ అక్కడే ఉందా?” అన్నాడు.

“ఉంది నాన్నా. వ్యాను తలుపు వేసేదాకా నిలబడింది.”

“గట్టి మనిషి. మన బుల్లెట్ తోలుకెళ్తుంటే నేను పెరట్లోకి పోయి, గేదెకి నీళ్లు పెడుతున్నట్టు నిలబడ్డానురా. చప్పుడు రోడ్డెక్కేదాకా బయటికి రాలా.”

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత, “బండి నంబరు గుర్తుందా నాన్నా?” అని అడిగాను.

తడుముకోకుండా చెప్పాడు. రిజిస్ట్రేషన్ నంబరు, ఆ వెంటనే ఇంజిన్ నంబరు కూడా. కాగితం తీసుకుని రాసుకున్నాను.